తొడ విరిగేదాకా

1996 మే నెలలో ఒక మధ్యాహ్నం చిత్తూరు బస్టాండు వెనక సందులో, జిలాన్ అంగట్లో కూర్చుని ఉన్నాను. క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే అంగడి అది. మనిషి నిలబడితే రెండు భుజాలూ రెండు గోడలకు తగిలేంత ఇరుకు. పైన ఫ్యాను తిరుగుతోంది. తాగేసిన టీ గ్లాసు చుట్టూ ఈగలు. భయపడాల్సింది అక్కడ ఏమీ లేదు.

నాకు సినిమాలు చూసే అలవాటు లేదు. మైకు సెట్టు పెట్టుకుని పెళ్లిళ్లకూ జాతరలకూ పోయి వచ్చేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. నాలుగున్నరకు లేచి చన్నీళ్లు పోసుకోవాలి, చెప్పిన టైముకు పోవాలి, ఒక మాట అంటే దాని మీద నిలబడాలి. ఇంతకు మించి నేను నేర్చుకున్నది లేదు.

జిలాన్ నాకోసం సినిమా ఫైట్ల మ్యూజిక్కు ఏరుతున్నాడు. తొమ్మిది సినిమాల చివరి కొట్లాటలు తీసుకుని, మాటలు లేని ముక్కలు మాత్రం ఒకదానికొకటి అతికిస్తున్నాడు.

"ఇనుకో మునిరత్నమన్నా," అన్నాడు, మీట నొక్కి ఆపి. "ఫైటు ఏదైనా లెక్క ఒకటే. ముందర హీరో తన్నులు తింటాడు, అప్పుడు డ్రమ్ములు. తర్వాత కింద పడతాడు, అప్పుడు ఏమీ ఉండదు. జనం ఊపిరి బిగబట్టేది ఆడనే. మళ్లా లేస్తాడు సూడు, అప్పుడు మొదులవుతాది అసలుది. అదంతా చివర పడే ఒక్క దెబ్బ కోసరం."

"ఆ దెబ్బ పడకపోతే?"

"పడకుంటే సినిమా యాడ అయిపోతాదన్నా? జనం ఇండ్లకు పోతారా?" అని నవ్వినాడు.

ఇరవై రెండు నిమిషాల క్యాసెట్టు చేసి చేతిలో పెట్టాడు.

మా పల్లె బంగారుపాళ్యానికి నాలుగు మైళ్లు. ఎండాకాలంలో ద్రౌపది గుడి ముందర పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. ఆఖరు రోజు పొద్దెక్కినాక దుర్యోధన వధ. ముప్పై అడుగుల మట్టి బొమ్మను నేల మీద వెల్లకిలా పండబెడతారు. మీసాలు, కిరీటం దిద్దుతారు. ఎడమ తొడలో ఎర్రనీళ్ల కుండ పూడుస్తారు. దుర్యోధనుడి వేషగాడూ భీముడి వేషగాడూ గదలు పట్టుకుని ఆ బొమ్మ చుట్టూ ఒకరినొకరు తరుముకుంటారు. చివరకు భీముడు బొమ్మ తొడ మీద కొడితే కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది వేషం కట్టినవాడు ఆ ఎరుపు తలకు రాసుకుని జుట్టు ముడి వేస్తాడు. వెంటనే జనం బొమ్మ మీద పడి మన్ను పెళ్లగించి, గుప్పెడు గుప్పెడు ఇంటికి తీసుకుపోయి వడ్లలో వేసుకుంటారు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి తొడ విరిగేదాకా మద్దెల మోగుతూనే ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ మద్దెల వాయించింది సుబ్రమణ్యం మామ. ఆ ఏడు ఉగాది అయిన వారానికి ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కుర్రవాళ్లు సినిమా ఫైటు మ్యూజిక్కు వేద్దామన్నారు. పెద్దలు సరేనన్నారు. పని నా మీద పడింది.

క్యాసెట్టు తీసుకుని ముందు ఆయన దగ్గరికే పోయాను. అడగకుండా ఒకరి పని చేయడం నాకు నచ్చదు. వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. మాట గుసగుసగా వచ్చేది.

"ఎవురు వాయిస్తే ఏమబ్బా. క్యాసెట్టయినా దరువు దరువే. ఒకటి మాత్రం గెవనం పెట్టుకో. మొదులుపెట్టినాక తొడ ఇరిగేదాకా నిలపగూడదు. మా నాయన చేతి ఏళ్లు పగిలి నెత్తురు కారినా నిలపలే."

"నిలిపితే ఏమవుతాది మామా?"

"ఆ కొట్లాట అయిపోదు. ఆడనే కాసుకోని ఉంటాది... ఎవురో ఒకరి కోసరం."

"కరెంటు పోయినా నిలిచిపోదులే మామా. బ్యాటరీ పెట్టుకుంటా," అన్నాను. అన్నట్టే బ్యాటరీ పెట్టుకున్నాను.

ఆ ఏడు దుర్యోధనుడి వేషం నా తమ్ముడు ప్రేమానందంది. నాకన్నా ఆరేళ్లు చిన్న. మా నాయన సారాకు చచ్చిపోయాడు. చావుకు ముందు మూడు రోజులు నెత్తురు కక్కుకున్నాడు. ఆ గిన్నె పట్టుకున్నది నేను, పదహారేళ్ల వాణ్ణి. ఆ తర్వాత తమ్ముణ్ణి పెంచింది నేనే. వాడికి మీసాలు మొలిచేటప్పుడే కూర్చోబెట్టి చెప్పాను. "నీ దగ్గిర ఆ వాసన వచ్చిన రోజు నువ్వు నా తమ్ముడివి కావు." వాడు తల ఊపాడు. వేషం కట్టేవాళ్లు పద్దెనిమిది రోజులూ కంకణం కట్టుకుని నియమంగా ఉండాలి. మాంసం, మందు ముట్టకూడదు. అప్పట్లో ప్రభుత్వం మద్యం నిషేధించి ఉన్నా తమిళనాడు పక్క నుంచి సైకిల్ ట్యూబుల్లో సారా వచ్చేది. తాగేవాళ్లు తాగుతూనే ఉండేవాళ్లు.

వధ జరిగే రోజు పదిన్నరకే ఎండ నెత్తి మాడుస్తోంది. ఆ దినాల్లో మా వైపు గాలి అంతా మామిడికాయల గాలే. హైవే పక్క రసం ఫ్యాక్టరీల వెనక గుంటల్లో తొక్కలూ పిప్పీ కుళ్లుతూ ఉంటాయి. తియ్యగా, కడుపులో తిప్పేటట్టు ఉంటుంది ఆ వాసన. ప్రేమానందం ఆ ఫ్యాక్టరీల్లో ఒకదానిలోనే పని చేసేవాడు. పదకొండుకు వధ. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువగా పరిగెత్తుకుంటూ వచ్చాడు. వేషం అరకొరగా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా మైకు బల్ల పక్క నుంచి పోతూ కొంచెం తూలాడు.

వాసన వచ్చింది. పులిసిన వాసన. మా నాయన దగ్గర వచ్చిన వాసనే.

"ఒరే ప్రేమా, తాగినావా?"

"అన్నా, మళ్లా చెప్తా... టైమయిపోయింది," అని నవ్వి పోయాడు.

నేను మీట నొక్కాను. జనం ఈలలు వేశారు. గొట్టం మైకుల్లోంచి డ్రమ్ములు కొండకు తగిలి తిరిగి వస్తున్నాయి. గుడి ముందర ముసలివాళ్లు కూడా మెడలు చాచి చూస్తున్నారు. తమ్ముడూ, భీముడి వేషం కట్టిన నరేంద్ర అనే బస్సు కండక్టరూ బొమ్మ చుట్టూ తరుముకుంటున్నారు. పది నిమిషాలు గడిచాయి. మ్యూజిక్కు తగ్గి, మళ్లీ లేచే చోటుకు వచ్చింది. అక్కడ తమ్ముడి కాలు మడత పడింది. బొమ్మ కడుపు మీద బోర్లా పడ్డాడు.

"రారాజుకు ఎక్కువైనట్టుండాదప్పోయ్!" అని ఎవరో అరిచారు. జనమంతా నవ్వు.

నేను ఆపేశాను.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "ఈ మనిషి కంకణం కట్టుకుని తాగి వచ్చినాడు. నా తమ్ముడే. ఇట్లాంటి వానికి నా సెట్టు మోగదు."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు వణకలేదు.

ఊరంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో తమ్ముడి కాళ్ల గజ్జెల చప్పుడు ఒకటే మిగిలింది. నరేంద్ర గద దించి నా వైపు చూస్తున్నాడు. తమ్ముడు మాత్రం లేచాడు. మళ్లీ పరిగెత్తాడు. మ్యూజిక్కు ఉన్నప్పటి వేగమే. వెనక తరిమేవాడు లేడు, అయినా గద అడ్డం పెట్టుకుంటూ, వంగుతూ, తప్పించుకుంటూ...

"నరేంద్రా, కొట్టెయ్! కొట్టెయ్రా!" అని పెద్దలు కేకలు పెట్టారు. నరేంద్ర కంగారుగా బొమ్మ తొడ మీద కొట్టాడు. కుండ పగిలిన చప్పుడు వినిపించింది. ఎర్రనీళ్లు చిమ్మలేదు. ఒక్క చుక్క పైకి రాలేదు. మన్ను తాగేసింది.

ద్రౌపది వేషగాడు పొడి చేతులే తలకు రుద్దుకున్నాడు. జనం మన్ను కోసం ఎగబడ్డారు. పావుగంటలో అక్కడ ఒట్టి నేల మిగిలింది.

తమ్ముడు ఇంకా తిరుగుతున్నాడు. బొమ్మ లేదు. కానీ వాడు ఆ జాగాను అడ్డంగా దాటడం లేదు. తల ఉన్న చోట తల చుట్టూ, కాళ్లు ఉన్న చోట కాళ్ల చుట్టూ... ముప్పై అడుగుల మనిషి ఇంకా అక్కడ పండుకుని ఉన్నట్టే.

వాడి భార్య రుక్మిణమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ నాకు ఎదురు నిలబడి మాట్లాడిన మనిషి కాదు.

"ఎంత మాటంటివి బావా. తెల్లవార్లూ డ్యూటీ చేసినాడు. పొద్దున పిప్పి గుంటలో కాలు జారి నడుంలోతు పడినాడంట. నీళ్లు పోసుకుంటే యాళ మీరిపోతాది, అన్న తిడతాడని అట్నే వేషం కట్టుకోని వచ్చినాడు. నువ్వు తిడతావని బావా."

నేను పోయి తమ్ముడికి అడ్డం నిలబడ్డాను. నన్ను ఢీకొని ఆగాడు, కాళ్లు మాత్రం ఆగలేదు. మొహం దగ్గర మొహం పెట్టాను. నోటిలో ఏ వాసనా లేదు. పంచెలో ఉంది వాసన. వెంట్రుకల్లో ఉంది. మామిడి వాసన.

నలుగురం మోసుకుపోయి ఇంట్లో నడిమి గదిలో చాప మీద పండబెట్టాం. గజ్జెలు విప్పేశాను. విప్పి గూట్లో పెట్టాను. పడుకున్నట్టే మడమలతో నేలను తంతున్నాడు. ధిమ్... ధిమ్... ధిమ్. మడమలు చీరుకుపోయి చాప తడుస్తోంది.

"అన్నా," అన్నాడు చాలా మెల్లగా. "నిలుపన్నా."

"నిలిపేసినా కదరా."

"నిలపలే. ఇనపడతాండాది."

నాకు ఏమీ వినపడలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. బయట కోడి గెలుకుతోంది.

సగంలో ఆపినదాన్ని పూర్తి చేస్తే సరిపోతుందని అనుకున్నాను. ఒక పని మధ్యలో వదిలినవాడు తిరిగి పోయి ముగించాలి. అంతే కదా. మైకు సెట్టు అప్పటికే మా ఇంటి వెనక గదిలోకి చేర్చారు. కిటికీ లేని గది. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. పెంకుల సందుల్లోంచి రెండు మూడు సన్నటి వెలుగు గీతలు. వైర్ల రబ్బరు వాసన, ఎలుకల పెంట వాసన, ఇంకా చల్లారని యాంప్లిఫయరు వేడి. తగిలించాను. ఆపిన చోటి నుంచే క్యాసెట్టు వేశాను.

మొదట గరగర. తర్వాత ఏమీ లేదు. జిలాన్ చెప్పాడే, జనం ఊపిరి బిగబట్టే చోటు... అది సాగుతూనే ఉంది. నిమిషం. రెండు నిమిషాలు. అంత పొడుగు నిశ్శబ్దం ఆ క్యాసెట్టులో లేదు.

తర్వాత మోగింది.

సినిమా డ్రమ్ములు కావు. మద్దెల. చర్మం మీద చెయ్యి పడే చప్పుడు. ఒక్క మద్దెల, దగ్గరగా, నా మోకాలి పక్కనే కూర్చుని ఎవరో వాయిస్తున్నట్టు. గోడ అవతల నుంచి తమ్ముడి మడమలు దాంతో కలిసి పడుతున్నాయి. ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు.

మీట నొక్కాను. ఆగలేదు. క్యాసెట్టు బయటికి లాగాను. ఆగలేదు. కరెంటు పీకేశాను. బ్యాటరీ తీగలు తెంచాను. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆగలేదు...

మూలలో ఒక గొట్టం మైకు బోర్లించి ఉంది. దానికి వైరు లేదు. రెండేళ్ల కింద పిడుగు పడి కాలిపోయింది, పారేయడానికి మనసు రాక పెట్టుకున్నాను. చప్పుడు దాంట్లోంచి వస్తోంది. దాని కింద నేల మీది దుమ్ము, ప్రతి దెబ్బకూ చిన్నగా ఎగిరి పడుతోంది.

తలుపు తీసుకుని పరిగెత్తాను. ఎండలో, చెప్పులు లేకుండా, సుబ్రమణ్యం మామ ఇంటికి.

ఆయన కోడలు వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి పోవడానికి భయపడుతోంది. "ఆ చెయ్యి సూడన్నా," అంది.

మంచం మీద ఆయన కదలకుండా ఉన్నాడు. పడిపోయిన కుడి చెయ్యి... మంచం పట్టె మీద వాయిస్తోంది. వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. ముఖం మీద చెమటలు. కళ్లు నా వైపు తిరిగాయి.

"నేను కాదబ్బా. ఆ చెయ్యి నాది కాదు ఇప్పుడు. నిలిపినావు కదా నువ్వు?"

"నిలిపినా మామా. తప్పయిపోయింది. ఏం చేయల్ల?"

"తొడ ఇరగల్ల."

"నరేంద్ర కొట్టినాడు కదా!"

"దరువు లేకండా కొట్టింది కొట్టినట్టు కాదు. దరువు మోగేటప్పుడు కొట్టల్ల. బొమ్మ ఉండాదా?"

"లేదు. మన్నంతా ఎత్తుకోని పోయినారు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చెయ్యి వాయిస్తూనే ఉంది.

"అయితే ఇంకొక తొడే ఉండాది," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి తమ్ముడి పెదవులు నీలంగా మారాయి. ఊపిరి మద్దెలకు అందడం లేదు. రుక్మిణమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. నరేంద్ర గద చేతిలోనే పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆ గద చింత చెక్కతో చేసింది, పైన బంగారు కాగితం. నేను విషయం చెప్పాను.

"నా వల్ల గాదన్నా. వాడూ నేనూ ఒగ బెంచీలో కూసున్నోళ్లం." గద కింద పెట్టేసి గోడ వైపు తిరిగాడు.

నేను తీసుకున్నాను.

రుక్మిణమ్మ నన్ను చూసింది. గద చూసింది. "బావా... వద్దు బావా..." అంది. తర్వాత భర్త ముఖం చూసింది. చీర కొంగు వాడి నోట్లో కుక్కి, తల గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు మద్దెల ఇక్కడ కూడా నాకు వినిపిస్తోంది. గదిలో, గోడల్లో, నా దవడల్లో. వేగం పెరుగుతోంది. జిలాన్ చెప్పిన లెక్కే. అంతా ఒక్క దెబ్బ కోసం. తమ్ముడి కళ్లు నా మీదే ఉన్నాయి. కొంగు వెనక నుంచి ఒక్క మాట వచ్చింది.

"కొట్టన్నా."

నా చేతులతో అన్నం పెట్టి పెంచిన పిల్లవాడు. ఎడమ తొడ. రెండు చేతులా ఎత్తి కొట్టాను.

ఎముక చప్పుడు వచ్చింది. దాని తర్వాత ఏమీ లేదు. మద్దెల లేదు, మడమలు లేవు. బయట కోడి కూడా గెలకడం మానింది.

కొంగు తీసేస్తే తమ్ముడు పెద్ద ఊపిరి తీసుకున్నాడు. "నిలిచిపోయిందన్నా," అన్నాడు. కళ్లనీళ్లు కారుతూనే నిద్రపోయాడు.

మామిడికాయలు దించి వస్తున్న వ్యాను ఆపి చిత్తూరుకు తీసుకుపోయాం. డాక్టరు ఎట్లా విరిగిందని అడిగాడు. నాటకంలో పొరపాటుగా గద తగిలిందని చెప్పాను. నాకు తెలిసి నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఆ సాయంత్రమే ఊరి నుంచి కబురు వచ్చింది. సుబ్రమణ్యం మామ చెయ్యి ఆగిందట. మనిషి గంజి తాగాడట.

రెండో రోజు. మధ్యాహ్నం రెండున్నర. ఎముకల వార్డులో పదకొండు మంచాలు. అన్నాలయ్యాయి. రోగులంతా నిద్రలో ఉన్నారు. కిటికీల్లోంచి ఎండ, ఫినాయిలు వాసన, ఎక్కడో కుళాయి చుక్కలు. తమ్ముడి కాలుకు బరువు కట్టి వేలాడదీశారు. ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. ఊపిరి సమంగా ఉంది. వాడు బతికాడు. వాడు లేచాక కాళ్లు పట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. అన్న తమ్ముడి కాళ్లు పట్టుకోకూడదంటారు. పట్టుకోవాల్సిందే. వాడికోసం ఒక బత్తాయి ఒలుస్తున్నాను.

ఎదుటి మంచం మీద బడికి పోయే వయసు పిల్లవాడు. చెయ్యి విరిగింది. వాడి కాలి బొటనవేలు కదులుతోంది. కలేమో అనుకున్నాను. పక్క మంచం మీద ముసలామె. ఆమె పాదం దుప్పటి కింద కదులుతోంది. ఆ పక్కన ఒకాయన. రెండు పాదాలూ.

తొనలు ఒలవడం ఆపేశాను.

అందరూ నిద్రలోనే ఉన్నారు. ఎవరి కళ్లూ తెరుచుకుని లేవు. పది మంచాలు. పాదాలన్నీ ఆ మద్దెల దరువుకే ఒక్కసారి లేచి, ఒక్కసారి పడుతున్నాయి. ఏ చప్పుడూ లేదు. నా తమ్ముడి కాళ్లు మాత్రమే కదలడం లేదు. ఎవురో ఒకరి కోసరం కాసుకోని ఉంటాదని మామ అన్నాడు.

చివరి మంచం మీద వడమాలపేట నుంచి వచ్చిన లారీ క్లీనరు. ప్రమాదంలో నలిగిపోతే వారం కింద ఎడమ కాలు తొడ పైదాకా తీసేశారు. అతను గాఢంగా నిద్రపోతున్నాడు. కాలు ఉండాల్సిన జాగాలో దుప్పటి పరుపుకు అంటుకుని ఉండాలి. అది లేస్తోంది. పడుతోంది. లేస్తోంది...

అతని భార్య నేల మీద కూర్చుని, మంచానికి తల ఆనించి కునుకు తీస్తోంది. కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి, నిద్రలో దొర్లే బిడ్డను జోకొట్టినట్టు, ఆ ఖాళీ జాగాను అరచేత్తో అదిమి పట్టుకుంది.

ఆమె చెయ్యి కూడా దాంతో పాటే లేచి పడుతోంది.